వైరసుల లిపిలో పర్యాయపదములు

శ్రీశైల క్షేత్రమునకు నాలుగు ద్వారములు గలవని పెద్దలు చెప్పుదురు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. ఏ ద్వారమున ప్రవేశించినను యాత్రికుడు చేరునది మల్లికార్జునుని సన్నిధియే. కాని దారులన్నియు ఒక్కటి కావు. నంద్యాలలో బస్సెక్కి ఆత్మకూరు, దోర్నాలల మీదుగా ఘాటురోడ్డున పోవువాడు పూట గడచునప్పటికి కొండపై నుండును. ఉగాదికిని శివరాత్రికిని ఆత్మకూరు వైపునుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారముల మీదుగా నల్లమల అడవిని కాలినడకన దాటువానికి దినములు పట్టును. “ఇద్దరును చేరిరి గదా, దారి ఏదైన నేమి?” అనుట సగము సత్యము మాత్రమే. ఎప్పుడు చేరిరి, ఏ స్థితిలో చేరిరి అనునది దారిని బట్టి యుండును.

జీవశాస్త్రము కూడ చాలకాలము ఇట్టి సగము సత్యముతోనే తృప్తి పడినది. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వచ్చినది మొదలు ‘వైరసులో మార్పు’ అను మాట మన యిండ్లలో వాడుక మాట ఐనది. వైరసు లిపిలో ఒక అక్షరము మారినది, అందుచే దాని ప్రోటీను మారినది, అందుచే దాని నడవడి మారినది అని వార్తలలో వినుచుంటిమి. కాని అక్షరము మారియు ప్రోటీను ఏమాత్రము మారని సందర్భములు లెక్కకు మిక్కిలిగా గలవు. శాస్త్రజ్ఞులు వీనిని సమానార్థక మార్పులని, మూగ మార్పులని వ్యవహరించిరి. మూగవి గదా యని చాలకాలము వానిని లెక్కింపలేదు. అవి నిజముగా మూగవేనా, మన బిడ్డలకు వేయించు టీకాలతో వానికేమి సంబంధము అను విషయమును మేమీ ప్రసంగమున శ్రోతలకు వివరింప దలచితిమి.

ముందుగా ఆ లిపిని గూర్చి కొంత తెలిసికొందము. వైరసనగా ఒక చిన్న పెంకు, ఆ పెంకులో చుట్టి పెట్టిన ఒక పొడవైన వ్రాత. పోలియో, హెపటైటిస్ ఏ, కరోనా వైరసులలో ఆ వ్రాత ఆర్.ఎన్.ఏ. అను పదార్థముతో నిర్మితమైనది. దానికున్నవి నాలుగే అక్షరములు: ఏ, యు, జి, సి. ఇవి మూడేసి చొప్పున కలిసి ఒక్కొక్క మాట యగును. నాలుగక్షరములను మూడేసిగా కూర్చినచో 64 మాటలు వచ్చును. ఇందు 3 మాటలు వాక్యము ముగిసినదని తెలుపు చుక్కలవంటివి. మిగిలిన 61 మాటలు ఎమైనో ఆమ్లములకు పేర్లు. ఈ ఆమ్లములను దండలోని పూసలవలె వరుసగా గ్రుచ్చినచో ప్రోటీను తయారగును.

1961లో అమెరికాలో నీరెన్‌బర్గు, మత్తై అను శాస్త్రజ్ఞులు ఈ లిపిలోని మొదటి మాటను చదివిరి. అవిభక్త పంజాబులోని రాయపూరు గ్రామమున జన్మించిన హరగోవింద ఖొరానా తక్కిన మాటలను విప్పుటలో ముఖ్యపాత్ర వహించెను. నీరెన్‌బర్గు, ఖొరానా, హోలీలు ముగ్గురును 1968లో నోబెలు బహుమానము పంచుకొనిరి.

ఇక్కడ ఒక విశేషము గలదు. పేర్లు 61, పూసల రకములు 20 మాత్రమే. అనగా ఒకే పూసకు అనేక నామములున్నవి. అలనిన్ అను ఆమ్లమునకు జి-సి-యు, జి-సి-సి, జి-సి-ఏ, జి-సి-జి అని నాలుగు మాటలు గలవు. శ్రీశైలమునకు నాలుగు ద్వారములవలె ఇవి నాలుగును ఒక్క పూసకే దారి తీయును. సెరిన్, ల్యూసిన్, ఆర్జినిన్ అను వానికి ఆరేసి మాటలు గలవు. మెథియొనిన్‌కు, ట్రిప్టొఫాన్‌కు ఒక్కొక్కటే గలదు. అమరకోశము వల్లించినవారికి పర్యాయపదములు క్రొత్త గావు. ప్రకృతి వ్రాసిన ఈ లిపిలోను పర్యాయపదములున్నవని మాత్రము ఇరవయ్యవ శతాబ్దము దాక లోకమునకు తెలియలేదు.

వైరసు తన వ్రాతకు నకళ్లు తీయునప్పుడు తప్పులు దొర్లుచుండును. జి-సి-యు ఉండవలసిన చోట జి-సి-సి పడినదనుకొందము. అలనిన్ అలనిన్‌గానే యుండును. ప్రోటీనులోని పూసల వరుసలో ఏ భేదమును కానరాదు. ఇదియే సమానార్థక మార్పు.

ఇట్టి మార్పు మన హైదరాబాదులోనే ఒకప్పుడు శాస్త్రజ్ఞులకు మంచి ఆనవాలుగా ఉపయోగపడినది. అక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారు, అనగా సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, 2020లో భారతదేశమున వ్యాపించుచున్న కరోనా వైరసుల లిపిని చదివి, అందులో ఒక ప్రత్యేక శాఖను గుర్తించి దానికి ఏ3ఐ అని పేరిడిరి. ఆ శాఖ వైరసులన్నింటికి నాలుగు అక్షరభేదములు ఉమ్మడిగా నుండెను. వానిలో ఒకటి వైరసు మేకులవంటి ప్రోటీనును వ్రాయు భాగమున, 23,929వ అక్షరము వద్ద నున్నది. అచట యు-ఏ-సి అను మాట యు-ఏ-యు అయ్యెను. రెండును టైరోసిన్ అను పూసకే పేర్లు. అందుచేత మేకు మారలేదు. ఐనను ఆ అక్షరము ఒక వంశమువారికి పరంపరగా వచ్చు పుట్టుమచ్చవలె ఈ వైరసు ఏ శాఖకు చెందినదో తెలిపినది. పుట్టుమచ్చ గలవారు ఊరూర కనబడిన మాత్రమున ఆ మచ్చయే వారికి బలమిచ్చినదనరాదు. అట్లే ఒక మూగ మార్పు దేశమంతట కనబడినంతనే దానికేదో శక్తి గలదని తలచుట పొరపాటు. ఇది మనము గుర్తుంచుకొనవలసిన మొదటి సంగతి.

రెండవ సంగతి దీనికి ఎదురు దిక్కున నున్నది. కొన్ని సమానార్థక మార్పులు మూగవి కావు. వానికి కారణములు మూడు నాలుగు గలవు.

మొదటిది వేగము. కణములో రైబోజోము అను యంత్రము ఆర్.ఎన్.ఏ. వ్రాతను ఒక్కొక్క మాటగా చదువుచు పూసలు గ్రుచ్చును. పూసలను మోసికొని వచ్చుటకు ప్రత్యేకమైన వాహకములు గలవు. వ్రాతలోని మాటను ఆనవాలు పట్టి, దానికి తగిన వాహకము పూసను అందించును. కొన్ని మాటలకు వాహకములు సమృద్ధిగా నుండును. కొన్నింటికి అరుదుగా నుండును. వాడుక మాట వచ్చినచో యంత్రము చకచక సాగును. అరుదైన మాట వచ్చినచో వాహకము కొరకు ఒక క్షణము వేచియుండును. పూస అదియే, కాని అది వచ్చి చేరు వేళ వేరు.

ఆ క్షణము ఆలస్యమైన నేమి యని అడుగవచ్చును. మన వంటయింటి జంతికల గొట్టమును జ్ఞాపకము చేసికొనుడు. పిండి అదియే, బిళ్ల అదియే, నూనె అదియే. కాని చేయి నిదానముగా నొక్కినపుడు పిండితీగ చక్కగా చుట్టలు తిరుగును. ఆత్రముగా నొక్కినచో ముద్దగా పడును. ఆగి ఆగి నొక్కినచో తెగిపోవును. ప్రోటీనును అట్టిదే. అది తీగగా బయలుపడుచుండగనే ముడుచుకొనుచు తన ఆకృతిని దిద్దుకొనును. ముందు వచ్చిన భాగము ముడుచుకొనుటకు కొంత వ్యవధి కావలెను. ఆ వ్యవధి చోట అరుదైన మాట నుంచి, సాగిపోవలసిన చోట వాడుక మాట నుంచినచో ఆకృతి సరిగా కుదురును. మాటలు మారినచో పూసల వరుస మారకున్నను ముడుత మారవచ్చును. ప్రోటీను పనితనము ముడుతలోనే యున్నది.

ఇది ఊహ కాదు. 2007లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రజ్ఞులు మానవుల జన్యువు నొకదానిని పరీక్షించి, కణమునుండి మందులను బయటకు నెట్టివేయు ఒక ప్రోటీను, కేవలము సమానార్థక మార్పు వలననే వేరొక ఆకృతి దాల్చి, మందులతో వేరు విధముగా వర్తించుచున్నదని చూపిరి.

వైరసులలో దీనికి చక్కని ఉదాహరణము హెపటైటిస్ ఏ. కలుషితమైన నీటి వలన, ఆహారము వలన వచ్చు కామెర్లకు ముఖ్యకారణములలో ఇది యొకటి. ఈ వైరసు నీటిలో చాలకాలము నిలువవలెను. మన కడుపులోని ఆమ్లమును దాటవలెను. కావున దాని పెంకు మిక్కిలి గట్టిగా నుండవలెను. చిత్రమేమనగా, ఆ పెంకును వ్రాయు భాగమున ఈ వైరసు అరుదైన మాటలను విస్తారముగా వాడును. ఇంత బలమైన వైరసు ఇంత నెమ్మదిగా ఏల వ్రాసికొనును? బార్సెలోనా విశ్వవిద్యాలయమువారు 2010లో దీనికి సమాధానము ప్రకటించిరి. కణములోని పరిస్థితిని మందుతో మార్చి ఈ వైరసును తరతరములుగా పెంచినప్పుడు, అది తన పెంకు వ్రాతలోని వాడుక మాటల, అరుదైన మాటల పాలు మార్చుకొని తనకు కావలసిన వేగమును తిరిగి సంపాదించుకొనెను. నిదానమే ఆ పెంకు గట్టితనమునకు ఆధారమని వారు నిర్ణయించిరి. అరుదైన మాటలు లోపము కాదు, ఉపాయము. (ఆ పెంకు ఎంత గట్టిదైనను బాగుగ మరిగించిన నీటిలో నిలువలేదు. ఇంట నీరు మరిగించి త్రాగుడని వైద్యులు చెప్పుటకు ఇదియు నొక కారణము.)

రెండవ కారణము, ఒకే వ్రాతను రెండు విధములుగా చదువుట. నంద్యాల కృష్ణరాజునకు కళాపూర్ణోదయము నంకితమిచ్చిన పింగళి సూరన రాఘవపాండవీయమును కూడ రచించెనని మన శ్రోతలెరుగుదురు. అందలి పద్యము ఒక తీరున విడదీసిన రామకథ. మరొక తీరున విడదీసిన భారతకథ. అట్టి పద్యములో ఒక పదమును తీసి పర్యాయపదము నుంచినచో రామకథకు లోటు రాకపోవచ్చును గాని భారతకథ చెడును. హెపటైటిస్ బి వైరసు ఇట్టి ద్వ్యర్థి రచన చేయును. దాని మొత్తము వ్రాత సుమారు 3,200 అక్షరములు మాత్రమే. చోటు చాలక, పైపొరను వ్రాయు భాగమును నకళ్లు తీయు ప్రోటీనును వ్రాయు భాగములోనే ఇమిడ్చినది. ఒక అక్షరము జరిపి చదివిన ఒక ప్రోటీను, జరుపక చదివిన మరొక ప్రోటీను. ఒకదానిలో మూగదైన మార్పు రెండవదానిలో అర్థమునే మార్చవచ్చును.

మూడవది, అక్షరముల పొరుగు సంబంధము. మన కణములయందు ఒక కావలివాడున్నాడు. శాస్త్రజ్ఞులు వానిని జాప్ అందురు. సి తరువాత జి వచ్చు జంటలు మన ఆర్.ఎన్.ఏ.లో అరుదు. అట్టి జంటలు మెండుగా గల వ్రాత కనబడినచో ఇది పరాయిదని జాప్ పట్టుకొనును. 2017లో శాస్త్రజ్ఞులు హెచ్.ఐ.వి. వ్రాతలో సమానార్థక మార్పులు చేసి ఈ జంటలను పెంచిరి. ప్రోటీనులేవియు మారకున్నను వైరసు పెరుగుదల కుంటుపడెను. జాప్ లేని కణములలో ఆ వైరసే మరల పెరిగెను. దీనితోబాటు, ఆర్.ఎన్.ఏ. తీగ తానును ముడులు పడును. ఆ ముడులలో కొన్ని వైరసు పనికి అవసరము. పర్యాయపదము నుంచిన చోట ముడి వీడిపోవచ్చును.

ఈ జ్ఞానము పుస్తకములకే పరిమితము కాలేదు. అమెరికాలోని స్టోనీబ్రూకు విశ్వవిద్యాలయమున విమ్మరు అను శాస్త్రజ్ఞుని బృందము పోలియో వైరసు పెంకును పర్యాయపదములతో తిరిగి వ్రాసినది. 2008లో ప్రకటించిన ప్రయోగమున ఆరువందలకు పైగా అక్షరములను మార్చిరి. ఒక్క పూసయైనను మారలేదు. ఐనను ఆ వ్రాతనుండి బ్రతికిన వైరసు పుట్టలేదు. మార్పులను పెంకు వ్రాతలో కొంత భాగమునకే పరిమితము చేసినపుడు వైరసు బ్రతికెను గాని మిక్కిలి బలహీనమయ్యెను. ఎలుకలకు ఎక్కించినపుడు అవి అసలు పోలియోను తట్టుకొను శక్తి పొందెను. దీనికి కారణము మాటల పొరుగా, అక్షరముల పొరుగా అను విషయమున పండితులలో వాదములు జరిగినవి. ఫలితము మాత్రము నిర్వివాదము.

ఇందు మనకేమి లాభమని అడుగువారికి హైదరాబాదులో 2016లో జరిగిన దానిని చెప్పవలెను. మన దేశమున సహజ పోలియో చివరిసారిగా 2011 జనవరిలో బెంగాలులోని హౌరా జిల్లాలో కనబడినది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతమునకు పోలియో రహితమని యోగ్యతాపత్రమిచ్చినది. ఈ విజయమును తెచ్చినది ప్రధానముగా నోట వేయు చుక్కల మందు. అందులో నుండునది బ్రతికియున్న, బలము తగ్గించిన వైరసు. ఆ బలహీనతకు ముఖ్యాధారము కొద్దిపాటి అక్షరముల మార్పు మాత్రమే. ఆ వైరసు ప్రేవులలో పెరిగి బయటకు పోవును. టీకాలు సరిగా వేయని చోట అది చేతులు మారి మారి, ఆ కొద్ది అక్షరములను సరిచేసికొని, అరుదుగా పూర్వబలమును పొందవచ్చును. 2016 ఏప్రిలులో రెండవ తరగతి వైరసును చుక్కలనుండి తొలగించుటకు ఇదియే కారణము. ఆ మీదట జూనులో హైదరాబాదు అంబరుపేట మురుగునీటిలో టీకానుండి పుట్టిన రెండవ తరగతి పోలియో వైరసు బయలుపడెను. వెంటనే హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో సుమారు మూడు లక్షల మంది పిల్లలకు సూదిమందు వేసిరి. ఆ ప్రాంతమున జబ్బుపడిన బిడ్డ కనబడలేదు. మురుగునీటిని పరీక్షించు కాపలా ఉండుట వలననే ఆపదను ముందుగా పసిగట్టగలిగిరి.

సమానార్థక మార్పుల విలువ ఇక్కడ తెలియును. రెండు మెట్లు జారినవాడు వెంటనే తిరిగి ఎక్కును. శ్రీశైలమున పాతాళగంగ దాక దిగినవాడు ఆ మెట్లన్నియు మరల ఎక్కవలెను. కొద్ది అక్షరముల వలన బలహీనపడిన వైరసు కొద్ది తప్పులతోనే కోలుకొనవచ్చును. వందల అక్షరముల వలన బలహీనపడినదానికి వందల అక్షరములు తిరిగి మారవలెను. ఒక్కొక్కటి మారినందున దానికి కలుగు లాభమును స్వల్పమే. ఇంతకంటె గొప్ప లాభము మరియొకటి గలదు. పూసల వరుస అసలు వైరసుదే గావున మన శరీరము శత్రువు నిజరూపమునే చూచి అభ్యాసము చేయును. బలము తగ్గినది, ముఖము మారలేదు. మంచి టీకాకు కావలసినది ఇదియే గదా!

ఈ మార్గమున మన తెలుగునాటను కృషి జరుగుచున్నది. జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ 1982లో హైదరాబాదున స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ అను సంస్థ మొదట పశువుల గాలికుంటు వ్యాధికి టీకా తయారుచేయుటకు ఏర్పడినది. అది 2020 ఏప్రిలులో ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయముతో కలిసి, పర్యాయపదములతో బలహీనపరచిన కరోనా వైరసును టీకాగా రూపొందించుటకు పూనుకొన్నది. గ్రిఫిత్ శాస్త్రజ్ఞులు ఆ పద్ధతిన చేసిన వైరసు ప్రయోగశాల జంతువులకు రక్షణ నిచ్చినదని 2024లో ప్రకటించిరి. ఇదే పద్ధతిన చేసిన జికా వ్యాధి టీకాను మనుష్యులలో తొలిసారి పరీక్షించుటకు ఆ హైదరాబాదు సంస్థ 2024లో భారత వైద్య పరిశోధనా మండలితో ఒప్పందము చేసికొన్నది. పూనాలోని సీరమ్ సంస్థ అమెరికా కంపెనీ యొకదానితో కూడి పనిచేసిన ముక్కుచుక్కల కరోనా టీకాలో, వైరసు మేకు వ్రాతయందు 283 సమానార్థక మార్పులు గలవు; దానితోబాటు మేకునుండి ఒక చిన్న తునకను కూడ తొలగించిరి. జంతువులకు మేలు చేసినదెల్ల మనుష్యులకు మేలు చేయుననరాదు. ప్రతి టీకాయు మనుష్యులలో అంచెలంచెలుగా పరీక్ష దాటవలసినదే. ఈ పద్ధతికిని అందుండి మినహాయింపు లేదు.

కావున ఇకముందు వైరసులో మార్పు వచ్చినదను వార్త వినినపుడు శ్రోతలు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. మారినది అక్షరమా, ప్రోటీనా? ఆ మార్పు వైరసు నడవడిని మార్చినట్లు ప్రయోగమున తేలినదా, లేక అది శాఖను గుర్తించు పుట్టుమచ్చ మాత్రమేనా? పూసలు మారలేదు గావున ఫలితము లేదని ఎవరైన చెప్పినచో, వేగమును, ముడుతను, పొరుగును పరీక్షించి చెప్పిరా? ఈ ప్రశ్నలు తెలిసినవారు ప్రతి మార్పునకును భయపడరు. ఏ మార్పును తేలికగా త్రోసివేయరు.

ఒక మాట చెప్పి విరమింతుము. చుక్కల మందులోని వైరసు బలము తెచ్చుకొనునట గదా యని ఏ తల్లియు బిడ్డకు చుక్కలు మాన్పరాదు. ఆ వైరసు బలము తెచ్చుకొని వ్యాపించునది ముఖ్యముగా టీకా వేయించుకొనని పిల్లలు ఎక్కువగా నున్న చోటనే. ఊరిలోని బిడ్డలందరికి వేళకు చుక్కలును, సూదిమందును పడినచో దానికి తిరుగుటకు దారి యుండదు. టీకాల దినమున మీ వీధిలోని ఏ బిడ్డయు మిగులకుండ చూచుట ఆ వీధివారందరి పని.